ఎల్‌ఎస్ చూపించే తేదీని నేనైతే నమ్మను

"లైనక్స్‌లో ఫైలు గానీ ఫోల్డరు గానీ ఎప్పుడు మారిందో కమాండ్ లైన్‌లో ఎలా చూడాలి? ఎల్‌ఎస్ మైనస్ ఎల్ (ls -l, ఫైళ్ల జాబితాని తేదీలతో చూపించే కమాండ్) చాలదా?" అని అడిగారు. చాలదు. స్టాట్ (stat) అని కొట్టి, పక్కన ఫైలు పేరు ఇవ్వండి. అసలు జవాబు ఇంతే. మిగతాదంతా నా బాధ.

2018 నవంబరు. మాదాపూర్‌లో ఒక ఆఫీసులో సెకండ్ షిఫ్ట్ సపోర్ట్ చేసేవాణ్ణి. పొద్దున ఆరింటికి టీమ్ లీడ్ ఫోన్. రాత్రి రెండింటికి నడిచిన బిల్లింగ్ జాబ్ పాత రేట్లతో బిల్లులు కొట్టేసిందట. "రాత్రి నువ్వే ఉన్నవ్ కదా తమ్ముడూ, ఏం ముట్టుకున్నవ్?" ఏమీ ముట్టుకోలేదన్నా అంటే వినడే! మళ్లీ క్యాబ్ పట్టుకుని ఆఫీసుకి పరుగెత్తాను.

రేట్ల ఫైలు మీద ఎల్‌ఎస్ మైనస్ ఎల్ కొడితే మార్చి 14, 2018 అని వచ్చింది. గంటలూ నిమిషాలూ లేవు. సుమారు ఆరు నెలలు దాటిన ఫైలుకి టైము తీసేసి సంవత్సరం పెట్టడం దాని అలవాటు, ఎవరడిగారో మరి. కానీ సెప్టెంబరులో ఆ ఫైల్లో రేట్లు మార్చినప్పుడు పక్కన కూర్చున్నది నేనే. అంటే ఎవరో బ్యాకప్‌లోని మార్చి ఫైలు తెచ్చి దీని మీద వేశారు. కాపీ చేసే సీపీ కమాండ్‌కి మైనస్ పీ (cp -p) తగిలిస్తే పాత తేదీ కూడా ఫైలుతో పాటే వచ్చేస్తుంది.

అప్పుడు స్టాట్ కొట్టాను. మోడిఫై (ఫైల్లో రాతలు మారిన టైము) దగ్గర అదే మార్చి. చేంజ్ (ఫైలు గురించిన వివరాల్లో ఏది మారినా పడే టైము) దగ్గర మాత్రం ముందురోజు తేదీ, 19:50. లీడ్ వెంటనే, "ఏడు యాభై. నీ షిఫ్టే కదా!" నాకు చెమటలు పట్టాయి. రెండు నిమిషాలకి గానీ ఆ లైను చివర ప్లస్ 0000 కనబడలేదు. సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక టైములో) ఉంది! ఐదున్నర గంటలు కలిపితే మన టైము రాత్రి 1:20. నన్ను క్యాబ్ ఇంటి దగ్గర దింపింది 11:40కి, డ్రాప్ మెసేజ్ ఫోన్‌లోనే ఉంది. అది చూపించాక ఆయన సారీ చెప్పలేదు, టీ తాగుదాం పద అన్నాడు. ఫైలు వేసింది వేరే టీమ్ వాళ్లని సాయంత్రానికి తేలింది.

మోడిఫై తేదీని టచ్ కమాండ్‌తో ఫైలు ఓనరు గానీ అడ్మిన్ గానీ తమకి నచ్చిన రోజుకి మార్చేయొచ్చు. చేంజ్‌ని అలా మార్చడానికి మామూలు కమాండ్ లేదు, అది లైనక్స్‌కి గుండెకాయలాంటి కెర్నల్ వేసే ముద్ర. సర్వర్ గడియారాన్నే తిప్పడం లాంటి పెద్ద పని చేస్తే తప్ప దాన్ని మోసం చేయలేరు. ఎల్‌ఎస్‌లోనే చూడాలంటే మైనస్ ఎల్‌సీ (ls -lc). అమీర్‌పేటలో నేను చేరిన కోచింగ్‌లో సీటైమ్ (ఈ చేంజ్‌కే ఇంకో పేరు) అంటే క్రియేషన్ టైమ్ అని నోట్సు చెప్పించారు. ఇంటర్వ్యూలో అదే అప్పజెప్పాను, అడిగినాయన కూడా తలూపాడు! అది తప్పు. సీ అంటే చేంజ్. పర్మిషన్ మార్చినా, పేరు మార్చినా అది కదులుతుంది. ఫైలు పుట్టిన టైము కావాలంటే స్టాట్‌లో బర్త్ అనే లైను చూడాలి. మా పాత సర్వర్‌లో అక్కడ ఉత్త గీత ఉండేది, కొత్త వాటిలో కనబడుతుంది. యాక్సెస్ (ఫైలుని చివరిసారి చదివిన టైము) మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకండి, 2009 నుంచి లైనక్స్ దాన్ని చదివిన ప్రతిసారీ మార్చడం మానేసింది.

ఫోల్డర్ సంగతి కూడా అడిగారు కదా. ఎల్‌ఎస్ మైనస్ ఎల్‌డీ (ls -ld) కొట్టండి, డీ లేకపోతే లోపలి ఫైళ్లన్నీ తెర మీద పడతాయి. ఫోల్డర్ మోడిఫై తేదీ లోపల ఫైలు చేరినా, పోయినా, పేరు మారినా మారుతుంది. ఉన్న ఫైల్లోనే రాతలు మారితే దానికి తెలియదు. ఆ రోజు మా రేట్ల ఫోల్డర్ తేదీ కూడా కదల్లేదు.