గివ్ అంటే ఇవ్వడమేనా? మా చిన్నాయన సంతకం సంగతి

"ఇంగ్లిష్‌లో 'గివ్'కి ఎన్ని అర్థాలు, ఎక్కడెలా వాడాలి?" అని అడిగారు. అర్థాలు డిక్షనరీలో పేజీలకి పేజీలున్నాయి, చూసుకోండి. నేను చెప్పేదొక్కటే: గివ్‌ని చూసి మురిసిపోకండి, దాని తోక చూడండి, అంటే వెనకాల తగిలించిన మాట. మా ఇంట్లో ఈ ముక్క గ్యాస్ సబ్సిడీ పోగొట్టుకుని నేర్చుకున్నాం.

2015లో సంగతి. సబ్సిడీ డబ్బులు బ్యాంకు ఖాతాలో పడడం దేశమంతా అప్పుడే మొదలైంది. స్తోమత ఉన్నవాళ్లు వదులుకోండని కేంద్రం 'గివ్ ఇట్ అప్' ప్రచారం కూడా అప్పుడే పెట్టింది. హైదరాబాద్ రామంతాపూర్‌లో ఉండే మా చిన్నాయన గ్యాస్ ఏజెన్సీకి పోతే కౌంటర్ మీద ఆ ఇంగ్లిష్ ఫారం కనబడింది. ఆయన రిటైర్డ్ టైపిస్టు. ముప్పయ్యేళ్లు ఇంగ్లిష్ కొట్టాడు గానీ, అర్థంతో పనెప్పుడూ పడలేదు. "గివ్ అంటే ఇచ్చుడు, అప్ అంటే మీదికి. పెంచి ఇస్తరట!" అనుకుని, అక్కడి పిల్లగాడి దగ్గరే పెన్నడిగి సంతకం పెట్టేసి వచ్చాడు. పక్కింటాయన కోసం ఇంకో ఫారం కూడా పట్టుకొచ్చాడు, ఉపకారం కదా.

రెండు సిలిండర్లు అయ్యాక పాస్‌బుక్ ప్రింట్ కొట్టిస్తే పైసా లేదు. ఏజెన్సీకి పోయి గొడవ పెట్టుకున్నాడు. పిల్లగాడు ఫారం తీసి చూపించి, "మీరే వద్దని రాసిచ్చిన్రు గద అంకుల్!" అన్నాడట. చిన్నమ్మ వారం రోజులు మాట్లాడలేదు.

తెలుగులో ఈ బాధ లేదు. ఇవ్వడం వేరు, వదులుకోవడం వేరు. ఇంగ్లిషువాడు ఒక్క గివ్‌కే తోకలు మార్చి సంసారం లాక్కొస్తాడు: గివ్ అవే అంటే ఉచితంగా ఇచ్చేయడం, గివ్ ఇన్ అంటే లొంగిపోవడం. గివ్ వే మరీ అన్యాయం. గోడ కూలినా అదే మాట, ఎదుటి బండికి దారిచ్చినా అదే మాట. రోడ్డు మీద తలకిందుల త్రికోణం బోర్డుంటుంది చూడండి, దాని అర్థం రెండోది. పదిహేనేళ్లుగా హైదరాబాద్‌లో బండి నడుపుతున్నాను. నాకు దారిచ్చినవాళ్లకంటే నేను చూసిన కూలిన గోడలే ఎక్కువ.

ఇంకోటి. 'ఐ గేవ్ ద ఎగ్జామ్' అంటే అమీర్‌పేట కోచింగుల్లో నవ్వుతారు. ఎందుకు నవ్వాలి? ఉర్దూలో 'ఇమ్తెహాన్ దేనా', అంటే పరీక్ష ఇవ్వడం, అంటారు, అక్కణ్నుంచి వచ్చింది. మనం పరీక్ష రాస్తాం కాబట్టి 'రోట్' అంటాం. ఇంగ్లిషువాడు 'టుక్' అంటాడు. అంటే ఒకే పరీక్షని ఒకడిచ్చాడు, ఒకడు రాశాడు, ఒకడు తీసుకున్నాడు. నన్నడిగితే ముగ్గురిదీ కరెక్టే. ఇంటర్వ్యూలో మాత్రం 'టుక్' అనండి, ఉద్యోగం ముఖ్యం.

మా చిన్నాయన మాత్రం ఇప్పటికీ ఒప్పుకోడు. అప్ అంటే మీదికేనట, ఆ ఫారం రాసినోడికే ఇంగ్లిష్ రాదట.