ఫిజీలో టిప్ ఇవ్వాలా?

ఇవ్వనక్కర్లేదు, ఫిజీలో హోటల్లో గానీ టాక్సీలో గానీ మామూలుగా ఎవరూ టిప్ ఆశించరు. ఉన్నది నలుగురూ పంచుకోవడం, వచ్చినవాళ్లకు మర్యాద చేయడం అక్కడి ఊళ్ల ఆనవాయితీ. ఒక్కరి చేతిలో డబ్బు పెట్టడం ఆ పద్ధతికి అంతగా అతకదు.

మరీ ఇవ్వాలనిపిస్తే, చాలా రిసార్టుల్లో రిసెప్షన్ దగ్గర 'స్టాఫ్ క్రిస్మస్ ఫండ్' అని ఒక డబ్బా ఉంటుంది. అందులో వేసింది వడ్డించినవాళ్లకే కాదు, మన కంటపడని వంటవాళ్లకూ తోటమాలికీ కూడా ఏడాది చివర్లో పంచుతారు. పల్లె చూడ్డానికి వెళ్తే మాత్రం ఊరిపెద్దకు యంగోనా వేళ్ల కట్ట ఇస్తారు (కావా పానీయం చేసేది వీటితోనే). సెవుసెవు అనే ఈ కానుక టిప్ కాదు, ఊళ్లోకి రావడానికి అనుమతి అడగడం.

చాలామంది పొరబడేది పసిఫిక్ దీవులన్నిటికీ ఒకటే లెక్క అనుకుని. హవాయి అమెరికా రాష్ట్రం. రెస్టారెంట్లో 15 నుంచి 20 శాతం ఇవ్వాల్సిందే. అమెరికా కిందే ఉన్న గ్వామ్‌లో చాలాచోట్ల 10 శాతం సర్వీస్ ఛార్జి బిల్లులోనే కలిపేస్తారు, కాబట్టి బిల్లు చూశాకే జేబులో చెయ్యి పెట్టండి.