51 పెగాసి అనే నక్షత్రం మన ఊరి నుంచి కనిపిస్తుందా? దాని గ్రహాన్ని చూడకుండానే ఎలా కనిపెట్టారు?

నక్షత్రం కనిపిస్తుంది. గ్రహం మాత్రం కనిపించదు, ఎంత ఖరీదైన టెలిస్కోప్ కొన్నా సరే. వీడియోల్లో వచ్చే ఎర్రటి గోళం చిత్రకారులు ఊహించి వేసిన బొమ్మ.

నేను మొదట హైదరాబాద్‌లో మా డాబా మీద నుంచి రెండు రాత్రులు వెతికాను. వీధి దీపాల వెలుగులో దొరకలేదు. కార్తీక మాసంలో ఊరెళ్లినప్పుడు బైనాక్యులర్ పట్టుకెళ్లాను. అప్పుడు రాత్రి ఎనిమిదింటికి దాదాపు నడినెత్తిన నాలుగు చుక్కల పెద్ద చదరం ఉంటుంది. అందులో పడమటి వైపు రెండు చుక్కలే మన పూర్వాభాద్ర. మా నాన్నగారి జన్మనక్షత్రం అదే. డెబ్బై దాటినా దాన్ని ఆకాశంలో ఎప్పుడూ చూడలేదన్నారు. ఆ రెండిటికీ ఇంచుమించు మధ్యలో, చదరం బయటికి కొద్దిగా పడమరకు జరిగితే ఒక మసక చుక్క. అదే 51 పెగాసి. దూరం సుమారు 50 కాంతి సంవత్సరాలు. "ఈ వెలుగు అక్కడ బయల్దేరినప్పుడు మీకు ఇరవై ఏళ్లు నాన్నా" అన్నాను. ఆయన బైనాక్యులర్ మళ్లీ అడిగి తీసుకుని చాలాసేపు దించలేదు.

ఇక గ్రహం సంగతి. చిన్నపిల్లతో ఒప్పులకుప్ప తిరిగారా? పిల్ల పెద్ద చుట్టు తిరుగుతుంది, మనం కూడా వెనక్కి వాలి ఉన్నచోటే చిన్న చుట్టు తిరుగుతాం. పిల్ల చీకట్లో కనబడకపోయినా, మన ఊపు చూసి ఎవరో చేతులు పట్టుకున్నారని చెప్పొచ్చు. నక్షత్రం కూడా అలాగే మన వైపు వస్తూ, వెనక్కి పోతూ ఉంటుంది. వచ్చేటప్పుడు, దాని వెలుగును రంగులుగా విడగొడితే కనిపించే సన్నటి గీతలు నీలం వైపు, పోయేటప్పుడు ఎరుపు వైపు రవ్వంత జరుగుతాయి. ఫ్రాన్స్‌లోని ఓట్ ప్రోవాన్స్ అబ్జర్వేటరీలో ఖగోళ శాస్త్రవేత్తలు మిషెల్ మేయర్, డిడియే కెలో కొలిచింది ఇదే. 51 పెగాసి సెకనుకు 50 మీటర్లకు పైగా వేగంతో ఊగుతోంది, అదీ ప్రతి 4.2 రోజులకు ఒకసారి.

నన్ను పట్టేసింది ఆ 4.2 రోజులే. గ్రహం ఒక చుట్టు తిరిగే కాలం అదే. మన బృహస్పతికి సూర్యుణ్ణి చుట్టడానికి దాదాపు 12 ఏళ్లు. అన్నిటికన్నా దగ్గరున్న బుధుడికే 88 రోజులు. బృహస్పతి బరువులో కనీసం దాదాపు సగం ఉన్న గ్రహం నాలుగు రోజుల్లో చుట్టేస్తోందంటే అది నక్షత్రానికి ఎంత ఆనుకుని ఉండాలి! భూమికీ సూర్యుడికీ ఉన్న దూరంలో ఇరవయ్యో వంతు. అంత వేడిలో అంత పెద్ద వాయుగోళం పుట్టదని, దూరంగా పుట్టి లోపలికి జరిగి ఉంటుందని శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది అభిప్రాయం. 1995 అక్టోబరులో మేయర్, కెలో ఈ గ్రహం సంగతి ప్రకటించగానే అమెరికాలో మరో బృందం కొద్దిరోజుల్లోనే కొలిచి నిజమేనంది. 2019 భౌతికశాస్త్ర నోబెల్‌లో సగం మేయర్, కెలో ఇద్దరికీ వచ్చింది.

మీరు చూడాలనుకుంటే అమావాస్యకు అటూ ఇటూ ఉన్న రోజుల్లో ఊరి బయటికి వెళ్లండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి అరగంట ఫోన్ ముట్టుకోవద్దు.