బోర్డు ఒకటే, కొలత వేరు

అమ్మలూ,

బట్టలన్నీ అక్కడికి వెళ్ళాకే కొనుక్కుంటానన్నావని అమ్మ చెప్పింది. ఎగుమతి బట్టలకు క్వాలిటీ చెకింగ్ చేసినదాన్ని కదా, నాలుగు ముక్కలు రాయకుండా ఉండలేకపోతున్నాను. చదువు బ్రిటన్‌లో, సెలవులకు యూరప్, ఆ తర్వాత అమెరికాలో అక్క దగ్గరికి అంటున్నావు. అన్నిచోట్లా అవే బ్రాండ్ల బోర్డులు కనిపిస్తాయి. లోపలి సైజులు, బట్ట కూడా అవే అనుకోకు. ఒకే డిజైన్‌ని రెండు దేశాలకు రెండు రకాల కొలతలతో కుట్టి పంపడం మా పనిలో మామూలు విషయం.

బ్రిటన్‌లో ఆడవాళ్ళ 10 సైజు అమెరికాలో దాదాపు 6 అవుతుంది. జర్మనీలో 36, ఫ్రాన్స్‌లో 38, ఇటలీలో 42. అలవాటుగా అమెరికాలోనూ 10 తీశావంటే రెండు సైజులు వదులైపోతుంది. ఎస్, ఎం, ఎల్ అక్షరాలనీ నమ్మలేం. జపాన్ బట్టల కంపెనీ యూనిక్లో వాళ్ళు అమెరికాలో అమ్మే ఎం, జపాన్‌లో అమ్మే ఎం కంటే ఇంచుమించు ఒక సైజు పెద్దది.

దేశాన్ని బట్టే కాదు, కాలాన్ని బట్టి కూడా అంకె మారింది. అమెరికాలో 1958లో తెచ్చిన ప్రమాణం ప్రకారం 8 సైజంటే ఛాతీ 31 అంగుళాలు. 1983లో ఆ ప్రమాణాన్ని ఎత్తేశారు. చిన్న అంకె చూస్తే కొనేవాళ్ళకు సంతోషమని కంపెనీలు అదే అంకె కింద కొలతలు పెంచుతూ వచ్చాయి. కాబట్టి ఒక షాపులో 8, ఇంకో షాపులో 12 పట్టిందని టెన్షన్ పడి తిండి మానేయకు తల్లీ!

నీకు బాగా కుదిరిన టాప్ ఒకటి బల్లమీద ముడతల్లేకుండా పరిచి, ఒక చంక కింది నుంచి రెండో చంక కింది దాకా టేపుతో కొలువు. భుజం, పొడవు కూడా. ప్యాంటుకైతే నడుం, తుంటి, లోపలి కాలి పొడవు. ఫోన్‌లో సెంటీమీటర్లలో రాసిపెట్టుకో. సైజు చార్టులో ఉన్నవి ఒంటి కొలతలా, బట్ట కొలతలా అన్నది మాత్రం చూసుకో. చాలామంది తడబడేది ఇక్కడే.

జీన్స్ తీసుకునేటప్పుడు ఒకే సైజువి రెండు తీసుకుని ట్రయల్ రూమ్‌లోకి వెళ్ళు. బట్టను పొరలు పొరలుగా పేర్చి ఒకేసారి కోస్తారు. కత్తి కాస్త పక్కకు వాలితే పై పొరకూ కింది పొరకూ తేడా వస్తుంది. నడుం దగ్గర అర అంగుళం అటూ ఇటూ అయినా పాస్ చేసేస్తారు. నల్ల జీన్స్, నీలం జీన్స్ ఒకే నంబరైనా పట్టడంలో తేడా ఉండొచ్చు, అద్దకం, ఉతుకుడు వేరు కనుక.

బట్ట నాణ్యతకి ధర చూడకు, లోపలి లేబుల్ చూడు. ఎంత శాతం కాటన్, ఎంత పాలిస్టర్ అన్నది బ్రిటన్, యూరప్, అమెరికా మూడుచోట్లా రాసి తీరాలి. తయారైన దేశం పేరు మాత్రం అమెరికాలోనే తప్పనిసరి. మిగతాచోట్ల అది లేనంత మాత్రాన దొంగ సరుకని కాదు. టీషర్టుకి జి.ఎస్.ఎం. అడుగు, అంటే చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములన్నది. 140 దగ్గరైతే పల్చన, 180 అయితే రోజూ వేసుకోవడానికి బాగుంటుంది. ఆ అంకె దొరక్కపోతే లోపల చెయ్యిపెట్టి వెలుతురుకి పట్టు, చెయ్యి స్పష్టంగా కనిపిస్తే పల్చనన్నమాట. తర్వాత భుజాల దగ్గర పట్టుకుని వేలాడదీసి పక్క కుట్లు చూడు. కొత్తదే మెలి తిరిగి ముందుకు వస్తోందంటే ఉతికాక ఇంకా తిరుగుతుంది, వదిలెయ్. కుట్టుకి రెండువైపులా పట్టి మెల్లగా లాగు. సందుల్లోంచి వెలుతురు కనిపించినా అంతే.

అమెరికాలో అవుట్‌లెట్ షాపులకి వెళ్ళినా ఇవన్నీ చూడు. అక్కడున్నదంతా పెద్ద షాపులో మిగిలిన సరుకు కాదు. చాలా భాగం అవుట్‌లెట్ కోసమే చౌక బట్టతో వేరుగా కుట్టిస్తారు.

బ్రిటన్‌లో షాపుకెళ్ళి కొన్నది, ఏ లోపమూ లేకుండా కేవలం నచ్చలేదంటే వెనక్కి తీసుకోవాలన్న చట్టం లేదు, అది షాపువాళ్ళ ఇష్టం. ఆన్‌లైన్‌లో కొన్నదైతే అందిన 14 రోజుల్లోపు వద్దని చెప్పొచ్చు. అందాకా ట్యాగ్ తీయకు, ఉతక్కు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ