టెక్ సందేహాలు: యాప్ ఎర్రర్ లేదంటోంది, బండి మాత్రం లాగట్లేదు

ప్రశ్న: నాది 150 సీసీ బీఎస్6 బండి, 38 వేల కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా రేజ్ ఇస్తే ఇంజిన్ అరుస్తోంది తప్ప బండి లాగట్లేదు. సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడైతే మరీ ఘోరం. మైలేజీ కూడా పడిపోయింది. బ్లూటూత్ స్కానర్ కొని, వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన 'ప్రో' యాప్ వేసి చూస్తే ఎర్రర్ కోడ్లు ఏమీ లేవంటోంది. లోపం స్కానర్‌దా, యాప్‌దా? ఇంతకంటే మంచి యాప్ ఉంటే చెప్పండి. (విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు)

ఇలాంటి ఉత్తరాలు ఈమధ్య నాకు వరసపెట్టి వస్తున్నాయి. బండి మారుతుంది, ఊరు మారుతుంది, చివర్లో "మంచి యాప్ చెప్పండి" మాత్రం మారదు. మీరు రాసింది చదివితే చాలు, క్లచ్ స్లిప్ అవుతోందని, అంటే ప్లేట్లు జారి ఇంజిన్ బలం చక్రానికి పూర్తిగా చేరట్లేదని, షెడ్డులో పని నేర్చుకునే కుర్రాడు కూడా చెప్పేస్తాడు. స్కానర్ ఎందుకు చెప్పలేదంటే, దానికి తెలియదు కాబట్టి. బండిలో ఓబీడీ (తన లోపాలు తానే కనిపెట్టి కోడ్లుగా దాచే ఏర్పాటు, మీ స్కానర్ చదివేది దాన్నే) పెట్టించింది ప్రధానంగా పొగ అదుపు కోసం, అంటే ఇంధనం, సెన్సర్లు, ఇంజెక్టర్ లాంటివాటి మీద కన్నేసి ఉంచడానికి. క్లచ్ ప్లేట్ ఎంత అరిగిందో చెప్పే సెన్సర్ మీ బండిలో లేదు.

యాప్ పక్కన పెట్టి ఖాళీ రోడ్డు మీద ఇలా చూడండి. టాప్ గేర్‌లో 50 మీద వెళ్తూ ఒక్కసారి రేజ్ ఇవ్వండి. ఒకే గేర్‌లో ఉన్నంతసేపు ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు), స్పీడు జంటగా పెరగాలి; 50 దగ్గర 4,000 ఉంటే 60 దగ్గర 4,800 ఉండాలి, ఇందులో బేరం లేదు. ముల్లు 5,500కి ఎగిరి స్పీడు 52 దగ్గరే తచ్చాడుతోందంటే ప్లేట్లు జారుతున్నాయి. ఇంజిన్ బాగా వేడెక్కాక చూస్తేనే తెలుస్తుంది, పొద్దున్నే చల్లటి బండి బుద్ధిగా నడిచి మిమ్మల్ని మోసం చేస్తుంది.

తర్వాత క్లచ్ లివర్ చూడండి. లివర్ కొస దగ్గర చాలా బండ్లకి 10 నుంచి 20 మిల్లీమీటర్ల దాకా వదులు ఉండాలి, మీ బండికి ఎంతో మాన్యువల్లో ఉంటుంది. ప్లేట్లు అరిగేకొద్దీ ఈ వదులు తగ్గుతూ వస్తుంది. "క్లచ్ లూజుగా ఉంది భయ్యా" అంటే చాలు, వైర్ బిగించి పంపేసే మెకానిక్‌లు ఉన్నారు. అలా బిగిస్తే లివర్ వదిలేసినా క్లచ్ సగం నొక్కినట్టే ఉండిపోతుంది, అరగాల్సిన దానికన్నా ముందే అరుగుతుంది. ఈ వదులు మీకు మీరే సర్దుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

అది సరిగానే ఉంటే నా అనుమానం ఆయిల్ మీద. పోయినసారి ఏ ఆయిల్ పోయించారో మీరు రాయలేదు, ఎవరూ రాయరు. చాలా బండ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్లోనే మునిగి ఉంటాయి. ఇంట్లో కారుకి మిగిలిన ఆయిల్ ఉంది కదా అని పోస్తే, మైలేజీ కోసం అందులో కలిపిన జారుడు మందులు ప్లేట్ల పట్టు తీసేస్తాయి. డబ్బా వెనక జాసో (బండ్ల ఆయిళ్లకి జపాన్ వాళ్ల ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. ఎంబీ అని ఉంటే అది స్కూటర్లది, గేర్ల బండికి పనికిరాదు. తప్పు ఆయిల్ పడిందని తేలితే తీసేసి సరైనది పోసి కొన్నాళ్లు నడపండి, కొన్నిసార్లు కోలుకుంటుంది. మాడిన వాసన వచ్చేసిందంటే ఇక ఆశ వదులుకుని క్లచ్ కవర్ విప్పించండి. స్టీలు ప్లేట్లు నీలంగా మారాయేమో, స్ప్రింగులు కుంగాయేమో దగ్గరుండి చూడండి. కొత్త ప్లేట్లు వేసే ముందు ఇంజిన్ ఆయిల్లో నానబెట్టమని గట్టిగా చెప్పండి. పొడిగా వేసేసి "అదే సర్దుకుంటుంది సార్" అంటే ఒప్పుకోకండి.

బండి సంగతి ఇంతే. నాకు నిద్ర పట్టనివ్వనిది మీ ఫోను. డబ్బు పెట్టి కొనాల్సిన యాప్‌ని ఎవరో ఊరికే ఏపీకే ఫైలుగా (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోన్లో వేసుకునే యాప్ ఫైలు) గ్రూపులో ఎందుకు పెడతారని మీకు ఒక్కసారైనా అనిపించలేదా? చలాన్ పేరుతో ఏపీకే వచ్చి, అది వేసుకున్నవాళ్ల ఖాతాలు ఖాళీ అయిన కథలు మనం వింటూనే ఉన్నాం. స్కానర్‌తో మాట్లాడటానికి యాప్‌కి కావాల్సింది బ్లూటూత్, మహా అయితే లొకేషన్. మీది ఎస్సెమ్మెస్, కాంటాక్టులు, యాక్సెసిబిలిటీ అడిగిందా? మీరు 'అలో' నొక్కుకుంటూ వెళ్లిపోయారా? ఎస్సెమ్మెస్ ఇస్తే ఓటీపీలు ఇచ్చినట్టే, యాక్సెసిబిలిటీ ఇస్తే తెర మీద మీరు చేసేదంతా అది చూడొచ్చు, మీ బదులు బటన్లూ నొక్కొచ్చు. అలా ఇచ్చి ఉంటే ఇప్పుడే నెట్ ఆపేసి ఆ యాప్ తీసేయండి. బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచి మార్చండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి, మీవి కానివి ఏమైనా కలిసి ఉన్నాయేమో చూడండి. ఆ తర్వాత ఫోటోలు దాచుకుని ఫోన్ ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ స్కానర్‌ని కూడా సాకెట్‌లో వదిలేసి తిరగకండి, చవక రకాలకి పిన్ 1234 లేదా 0000 ఉంటుంది, పార్కింగులో పక్కన నిలబడ్డవాడు కూడా కలుపుకోవచ్చు.

బండ్ల కంపెనీలనీ ఊరికే వదలను. మీటర్ మీద ఫోన్ ఎవరు చేశారో చూపిస్తారు, దారి చూపిస్తారు, అందుకోసం మన నోటిఫికేషన్లన్నీ చదివే అనుమతి అడుగుతారు. ఆర్పీఎం, స్పీడు రెండూ బండి కంప్యూటర్ దగ్గరే ఉన్నాయి. పైన నేను చెప్పింది ఐదో తరగతి పిల్లాడు చేసే లెక్క. "క్లచ్ జారుతున్నట్టుంది, చూపించుకో" అని ఒక లైను వేయడానికి మాత్రం చాలామందికి చేతులు రావు. కొత్త అప్‌డేట్ అంటారు, తెరిచి చూస్తే థీమ్ రంగు మారి ఉంటుంది.

ఆయిల్ డబ్బా ఇంకా ఇంట్లో ఉంటే దాని వెనక వైపు ఫోటో తీసి పంపండి, చూసి చెబుతాను. పంపేది మాత్రం వేరే ఫోన్ నుంచి.