వెల్స్ కెథడ్రల్‌లో కత్తెర ఆర్చీలు అలంకారం కోసమేనా?

కాదు, ఇంగ్లండ్‌లోని వెల్స్ కెథడ్రల్ మధ్యలో కనిపించే కత్తెర ఆర్చీలు కుంగుతున్న గోపురాన్ని నిలబెట్టడానికి తర్వాత కట్టిన ఊతాలు.

చర్చి నిర్మాణం 1175 ప్రాంతంలో మొదలైంది. 1313 తర్వాత మధ్య గోపురం ఎత్తు పెంచి, దానిమీద సీసం రేకులు కప్పిన చెక్క శిఖరం పెట్టారు. ఆ బరువంతా కింద నాలుగు మూలల్లో ఉన్న స్తంభాల మీద పడింది. కింద నేల అంత గట్టిది కాదు. పునాది కుంగింది, గోపురానికి పగుళ్లొచ్చాయి. కూలుతుందేమోనన్న టెన్షన్ ఉత్తిది కాదు.

1338లో మేస్త్రీ విలియం జాయ్ పని మొదలుపెట్టాడు. మామూలు ఆర్చీ నెత్తిన మరో ఆర్చీని తలకిందులుగా, రెండూ కలిసి తెరిచిన కత్తెరలా ఇంటూ ఆకారం వచ్చేలా నిలిపాడు. ఒరుగుతున్న రెండు గోడల మధ్య దుంగను బిగించి పెడతాం చూడండి, అలాంటిదే ఇదీ: స్తంభాలు లోపలికి వాలకుండా అడ్డుపడుతూ బరువును పంచుతుంది. మూడు వైపుల ఇలా కట్టారు. పదేళ్లు పట్టింది. రెండు ఆర్చీలు కలిసే చోట అటూ ఇటూ గుండ్రటి పెద్ద కన్నాలుంటాయి, దూరం నుంచి గుడ్లగూబ కళ్లలా కనిపిస్తాయి. అవసరం కోసం చేసిన పనిలో ఇంత అందం రావడం నిజంగా గొప్ప విషయం.

చర్చి సెయింట్ ఆండ్రూ పేరిట ఉంది, ఆయన శిలువ కూడా ఇంటూ గుర్తులాంటిదే. అందుకే ఆ గుర్తు కోసమే కట్టారనుకుంటారు. పోలిక ఉన్నమాట నిజమే గానీ, కట్టించింది మాత్రం ఆ పగుళ్లే.