క్రోమ్‌లో వచ్చే వీడియో సఫారీలో రాకపోతే... ఆ పనిలో కెరీర్ ఉందా?

ప్రశ్న: డిగ్రీ కంప్యూటర్స్ చివరి ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం నేనే లైనక్స్ మీద ఇంజిన్‌ఎక్స్ సర్వర్ పెట్టి వెబ్‌సైట్ తయారు చేశాను. వీడియో క్రోమ్‌లో బాగానే వస్తోంది, ఐఫోన్ సఫారీలో రావడం లేదు. ఎస్‌వీజీ (టెక్స్ట్ కోడ్‌గా రాసే బొమ్మల ఫార్మాట్) బొమ్మలు ఎందులోనూ కనిపించడం లేదు. కోడ్ రాయడం కంటే ఇలాంటి సమస్యల వెంట పడటమే నాకు ఇష్టం. స్నేహితులంతా ఫ్రేమ్‌వర్క్‌లు నేర్చుకుంటుంటే టెన్షన్‌గా ఉంది. సర్వర్ పనికి భవిష్యత్తు ఉందా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఉంది. కాకపోతే ‘వెబ్ సర్వర్ కాన్ఫిగరేషన్’ అని వెతికితే ఉద్యోగాలు పెద్దగా కనిపించవు. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, డెవాప్స్ ఇంజినీర్ (సాఫ్ట్‌వేర్‌ను సర్వర్లపైకి చేర్చి నడిపించేవారు), సైట్ రిలయబిలిటీ ఇంజినీర్, వీడియో స్ట్రీమింగ్ ఇంజినీర్ వంటి పేర్లతో వెతకండి. మీరు ఇష్టమంటున్న పని వాటిలో రోజూ ఉంటుంది.

మొదలుపెట్టడానికి కోర్సు వెతుక్కోనక్కర్లేదు. మీ రెండు సమస్యలే మంచి పాఠాలు. ముందు ఎస్‌వీజీ సంగతి చూడండి. సర్వర్ ఏ ఫైల్ పంపినా, అదేమిటో చెప్పే కంటెంట్-టైప్ హెడర్‌ను జతచేస్తుంది. డబ్బా మీద అంటించిన చీటీ లాంటిది అది. ఎస్‌వీజీకి ‘ఇమేజ్/ఎస్‌వీజీ+ఎక్స్‌ఎంఎల్’ అని ఉండాలి. మామూలు టెక్స్ట్ అని వెళ్తే బ్రౌజర్ దాన్ని బొమ్మగా చూపించదు. జేపెగ్, పీఎన్‌జీల విషయంలో చీటీ తప్పినా బ్రౌజర్లు చాలాసార్లు లోపలి బైట్లు చూసి సర్దుకుంటాయి. అందుకే మిగతా బొమ్మలు వచ్చి ఎస్‌వీజీలు మాత్రం మాయమవుతాయి. ఇంజిన్‌ఎక్స్‌లో ఇంకో చిక్కుంది. సర్వర్ బ్లాక్‌లో మీరు సొంతంగా ‘టైప్స్’ జాబితా రాస్తే, పై స్థాయి నుంచి వచ్చిన మైమ్ జాబితా (ఏ ఫైల్‌కు ఏ చీటీ అంటించాలో చెప్పేది) మొత్తం అక్కడ పనిచేయదు. ఒక్క రకం చేర్చబోయి మిగతావన్నీ పోగొట్టుకోవడం కొత్తవాళ్లకు తరచూ జరుగుతుంది. మీ కాన్ఫిగరేషన్‌లో ముందు అదే చూడండి.

వీడియో సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. సఫారీ వీడియో మొత్తాన్ని ఒకేసారి అడగదు. ముందు మొదటి రెండు బైట్లు మాత్రం అడిగి చూస్తుంది. సర్వర్ 206 కోడ్‌తో (అడిగిన భాగమే పంపుతున్నానని చెప్పే జవాబు సంకేతం) ఆ ముక్క మాత్రమే ఇవ్వాలి. అలా కాకుండా 200 కోడ్‌తో ఫైలంతా పంపిస్తే సఫారీ వీడియోను ఆడించదు. మామూలు ఫైళ్లకు అపాచీ, ఇంజిన్‌ఎక్స్ రెండూ ఈ పని వాటంతటవే చేస్తాయి. వీడియోను మీరు రాసిన పీహెచ్‌పీ లేదా పైథాన్ స్క్రిప్ట్ ద్వారా పంపుతున్నారా? అయితే అనుమానించాల్సింది దాన్నే. కర్ల్ అనే కమాండ్‌తో 0-1 బైట్లు (అంటే మొదటి రెండు) మాత్రమే అడిగి, ఏ కోడ్ వస్తుందో చూడండి. 206 వచ్చినా ఆడకపోతే కోడెక్ (వీడియో, ఆడియోలను కుదించే పద్ధతి) సంగతి తేల్చుకోవాలి. ఎంపీ4 అనేది పెట్టె మాత్రమే, లోపల ఏ కోడెక్ ఉందో ఎఫ్ఎఫ్‌ప్రోబ్ అనే టూల్ చెబుతుంది. హెచ్.264 వీడియో, ఏఏసీ ఆడియో అయితే దాదాపు అన్ని బ్రౌజర్లలో వస్తుంది. వీడియో ఆడుతుంది కానీ మొదలవడానికి ఆలస్యమవుతోందంటే, ఫైల్ సూచిక చివర్లో ఉండిపోయి ఉండొచ్చు. వీడియోలను మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ టూల్‌లో ‘ఫాస్ట్‌స్టార్ట్’ ఆప్షన్ దాన్ని ముందుకు తెస్తుంది.

ఇలా అనుమానించి, పరీక్షించి, తేల్చుకోవడమే ఈ ఉద్యోగాల్లో మీకు జీతం తెచ్చే నైపుణ్యం. స్నేహితుల ఫ్రేమ్‌వర్క్‌లను తక్కువ చేయను, వాటికీ ఉద్యోగాలున్నాయి. కానీ ఈ 206 కోడ్ 1997 నాటి హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణంలోనే ఉంది, 2022లో వచ్చిన హెచ్‌టీటీపీ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 9110లోనూ ఉంది. ఇంతకాలం నిలిచిన విషయాన్ని లోతుగా నేర్చుకున్నవాళ్లకు ఆ శ్రమ వృథా కాదు.

హెచ్‌టీటీపీ హెడర్లు చదవడం బాగా వచ్చాక లైనక్స్ పర్మిషన్లు, లాగ్‌లు పట్టుకోండి. ఆ తర్వాత కాషింగ్ (తరచూ అడిగే ఫైళ్లను దగ్గర దాచడం), సీడీఎన్ (చాలాచోట్ల ఉన్న సర్వర్ల నుంచి ఫైళ్లు పంపే వ్యవస్థ), హెచ్‌ఎల్‌ఎస్ స్ట్రీమింగ్ (వీడియోను చిన్న ముక్కలుగా పంపే పద్ధతి) వైపు వెళ్లొచ్చు. కోడ్ పూర్తిగా వదిలేస్తానంటే మాత్రం ఒప్పుకోను. షెల్ స్క్రిప్టింగ్, కొంత పైథాన్ లేకుండా డెవాప్స్‌లో ఎదగడం కష్టం. సర్టిఫికెట్ కావాలనుకుంటే ఆర్‌హెచ్‌సీఎస్ఏ (రెడ్ హ్యాట్ సంస్థ లైనక్స్ పరీక్ష) చూడండి. అందులో ఆబ్జెక్టివ్ ప్రశ్నలు పెట్టరు, సిస్టమ్ మీద నిజంగా పని చేసి చూపించాలి. అయితే మీ సఫారీ సమస్యను ఎలా గుర్తించారో, ఏయే అనుమానాలు ఎలా కొట్టేశారో, హెడర్లు ముందు ఎలా ఉండేవో, సవరించాక ఎలా మారాయో రెండు పేజీల్లో రాసి రెజ్యూమెకు జతచేయండి. కొత్తవాళ్ల విషయంలో నేను దానికే ఎక్కువ విలువిస్తాను.

ఇంకొక్క విషయం ఇంట్లో కూడా మాట్లాడుకోండి. సర్వర్ ఏ వేళలోనైనా ఆగిపోవచ్చు కాబట్టి, ఈ ఉద్యోగాల్లో చాలావాటికి ఆన్-కాల్ డ్యూటీ (వంతు ప్రకారం ఏ వేళలో పిలిచినా పనికి సిద్ధంగా ఉండటం) ఉంటుంది. ఎన్ని వారాలకోసారి వంతు వస్తుంది, రాత్రి పని చేస్తే మర్నాడు సెలవిస్తారా, మొదటి నెలల్లో తోడుగా సీనియర్ ఉంటారా అన్నవి ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా అడగండి.